చెరకు దీవి ముఖాలు

ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు: ఓడరేవు మేస్త్రీ వీరన్న, అతని ముసలితల్లి, కూతురు సూరీడమ్మ. ముసలమ్మది పొద్దుటినుంచీ ఒకటే ప్రశ్న. "నా చిన్నకొడుకు ముఖం ఎలా ఉండేదే?"

ఎవరూ చెప్పలేకపోయారు. రత్నతీర రాజ్యమంతటా అదే గోడు. తెల్లదొర వేషంలో వచ్చిన రక్కసుడి ఓడెక్కి చెరకు దీవికి పోయిన కూలీల ముఖాలు కన్నవాళ్లకైనా గుర్తులేవు.

"తమ్ముడు గురవయ్య అలిగి తనంతట తానే ఓడెక్కాడు. సుఖంగానే ఉంటాడు," అన్నాడు వీరన్న.

సూరీడమ్మకు అద్దకం బొమ్మలు నేర్పింది ఆ చిన్నాన్నే. ఆమె గుడ్డ, కలం, రంగులు మూటగట్టుకుని అతణ్ణి వెతుకుతూ అడవిదారి పట్టింది.

అడవిలో ఒక ముని కనిపించాడు. "దీవికి పోయినవాళ్ల ముఖాలన్నీ ఒకే గుడ్డమీద వెయ్యి తల్లీ. వాళ్లను ఓడెక్కించినవాడి ముఖం కూడా ఉండాలి. అప్పుడే చెర వీడుతుంది," అన్నాడు.

సముద్రం దాటించినందుకు కూలిగా ఒక మొసలి ఆమె ఎడమ చిటికెనవేలు కొరికి తింది. "చేదుగా ఉన్నావే పిల్లా!" అని వెక్కిరించింది కూడా.

దీవిలో, నున్నటి గుండ్రాళ్లలాంటి ముఖాలతో మనుషులు కొరడా కింద చెరకు నరుకుతున్నారు. కూలినవాణ్ణి తోటివాళ్లచేతే గానుగ పక్కన పూడ్పిస్తున్నాడు రక్కసుడు.

"బొమ్మలు వేస్తావా? నా బొమ్మ వెయ్యి. అందంగా!" అన్నాడు సూరీడమ్మ మూట చూసి.

ఆమె అతణ్ణి నల్లరంగుతో సింహాసనం మీద కూర్చోబెట్టింది. కూలీల ముఖాలు వేళ్లతో తడిమి, ఎముకల తీరునుబట్టి చుట్టూ పటికనీళ్లతో గీసింది. ఆ గీతలు కంటికి ఆనవు.

"చుట్టూ ఖాళీ ఎందుకే?"

"ఎర్రరంగు వేరు వేసి ఉడికిస్తే తమరి వైభవం తేలుతుంది దొరా."

రక్కసుడు మురిసిపోయి బెల్లం వండే పెనం ఇప్పించాడు. గుడ్డ ఉడికింది. పటికనీళ్లతో గీసినచోటల్లా ఎర్రటి ముఖాలు ఒక్కొక్కటే తేలాయి. కూలీలకు కళ్లొచ్చాయి, నోళ్లొచ్చాయి. సంకెళ్లు మాత్రం ఊడలేదు.

రక్కసుడు పకపకా నవ్వాడు. "ఓడ మాత్రమే నాది. ఓడెక్కించినవాడేడే?"

సూరీడమ్మ చిన్నాన్న వైపు చూసింది. గురవయ్య తల వంచుకున్నాడు. "వద్దులే అమ్మడూ. మేమిలాగే ఉంటాం."

ఆమెకు అర్థమైంది: రేవులో వీళ్లను ఓడెక్కించిన మేస్త్రీ తన నాన్నే.

"కన్నతండ్రినా? గియ్యి చూద్దాం!" అన్నాడు రక్కసుడు.

ఆమె తండ్రి ముఖం గీసింది. మళ్లీ ఉడికించింది. సంకెళ్లు తెగిపడ్డాయి. కూలీలు రక్కసుణ్ణి అదే పెనంలోకి తోసి, అరుపు ఆగేదాకా నిలబడి చూశారు.

అతని ఓడలోనే అందరూ తిరిగొచ్చారు. రాజు ఆ గుడ్డను రేవులో వేలాడదీయించాడు. ముసలమ్మ చిన్నకొడుకు బుగ్గలు నిమురుతూ అతని గుడిసెకే వెళ్లిపోయింది.

సూరీడమ్మ ఇంటికి వచ్చేసరికి వీరన్న గడపలో నిలబడి ఉన్నాడు.

"నా ముఖం చెరిపేసి లోపలికి రా."

"ఉడికిన రంగు చెరగదు నాన్నా."

వీరన్న ఆమె తెగిన వేలివైపు ఒకసారి చూశాడు. తలుపు వేసి గడియ పెట్టుకున్నాడు.