మచ్చ లేని ఫొటో

ఆ ఇంట్లో నిమ్మకాయలు వంటలోకి రావడం మానేసి చాలా రోజులైంది. దోసకాయ గుజ్జంతా మొహానికి, మిగిలింది కంచంలోకి. తేనె సీసా అయితే ఏకంగా వంటగది వదిలేసి బాత్‌రూములో కాపురం పెట్టింది. ఫొటో స్టూడియో నడుపుకునే ఇంటాయన మూడేళ్లుగా ఇదంతా చూసి చూసి, పొద్దున్నే వంటగదిలోకి తొంగిచూడటమే తగ్గించుకున్నాడు.

ఆ రోజు మాత్రం ఘాటుకి తొంగిచూడక తప్పలేదు. భార్య గిన్నెలో వెల్లుల్లి నూరి నిమ్మకాయ పిండుతోంది. పక్కనే స్టూలు మీద పదిహేడేళ్ల కూతురు చిట్టి కళ్లు మూసుకుని కూర్చుంది. నుదుటి నిండా, బుగ్గల నిండా మొటిమలు.

"ఏమిటే అది?"

"మొటిమలకి. కింది వాటా ఆవిడ చెప్పింది. వాళ్ల మరదలికి వారంలో మాయమైపోయాయట."

"డాక్టరుకి చూపిద్దామని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పారు. చెప్పేసి స్టూడియోకి వెళ్లిపోయారు. అయినా ఇవి మనం తినేవే కదండీ, హాని ఏముంటుంది?"

"రాయనీ నాన్నా, సోమవారమే ఇంటర్వ్యూ" అంది చిట్టి కళ్లు తెరవకుండానే.

నర్సింగు కాలేజీలో సీటు కోసం ఆ ఇంటర్వ్యూ. దానికి ఫొటో పంపడానికి ఈ రోజే ఆఖరు. నెల రోజులుగా గడప దాటని పిల్ల అసలు వెళ్తుందా అన్న భయం అందరికీ ఉంది, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

పది నిమిషాలు కాకుండానే కేక వినిపించింది. గబగబా కడిగేసరికి కుడి బుగ్గ కాలినట్టు కందిపోయి, చర్మం లేచిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. తల్లి నీళ్లు పోస్తూ "తగ్గిపోతుందే, ఇప్పుడే తగ్గిపోతుంది" అంటూనే ఉంది. తగ్గలేదు.

"నేను వెళ్లను. ఫొటో వద్దు, సీటూ వద్దు" అని చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయనకి చేతనైంది ఒక్కటే. కాసేపు బతిమాలి, తెల్లగోడ ముందు నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. హాల్లో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఊళ్లో ఎన్ని మొహాల మీది మచ్చలు ఆయన చేతిలో మాయమయ్యాయో లెక్కలేదు. రెండు నిమిషాల పని. వెనక నిలబడ్డ భార్య "ఆ గడ్డం మీదది కూడా తీసెయ్యండి" అని వేలు పెట్టి చూపించింది. పూర్తికాగానే ఆయన సంబరంగా కూతుర్ని పిలిచాడు.

చిట్టి తెర వైపు చాలాసేపు చూసింది.

"ఎవరీ అమ్మాయి?"

"నువ్వే తల్లీ."

"దీంతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. అమ్మ మూడేళ్లుగా తుడుస్తోంది, నువ్వు రెండు నిమిషాల్లో తుడిచేశావు. ఈ మూడేళ్లలో నన్నొక్క ఫొటో తీశావా నాన్నా? ఊళ్లోవాళ్లందరినీ తీస్తావు. నా పుట్టినరోజున కేకుని తీశావు, నన్ను తియ్యలేదు!"

"నువ్వు బాధపడతావని..."

"తియ్యకపోతే బాధపడననుకున్నావా?"

కెమెరా ఎత్తడం, కూతురి మొహం చూసి దించెయ్యడం, అన్నీ ఆయనకి గుర్తొచ్చాయి. దాన్ని ప్రేమే అనుకున్నాడు ఇన్నాళ్లూ. "నా చేతులు పడిపోనూ, నేనే పిల్ల మొహం కాల్చేశాను" అంటూ తల్లి నేల మీద కూలబడింది.

ఆయన మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని, చేసిన మార్పుల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. గడ్డం మీదది వచ్చింది. నుదుటివి వచ్చాయి. చివరికి కందిన బుగ్గ వచ్చింది. కన్నకూతురి మొహాన్ని తేరిపార చూసి ఎంత కాలమైందో తలుచుకుంటే ఆయన గుండె చెరువైంది.

"ఇదే పంపిస్తాను. పద, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈసారి చెప్పేసి వెళ్లిపోను" అన్నాడు.

డాక్టరు బుగ్గ చూసి తలాడించింది. "సోమవారానికి తగ్గుతుందా?" అని చిట్టి అడిగితే తగ్గదని చెప్పేసింది. కాలిన చోటుకి వారాలు, మొటిమలకి నెలలు పడతాయంది. పూర్తిగా పోతాయని మాటివ్వలేనంది.

"అంతవరకూ ఏం రాయమంటారు?" తల్లి ఆత్రంగా అడిగింది.

"నేనిచ్చింది తప్ప ఏమీ రాయకండి."

బయట బల్ల మీద తల్లి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటితో ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుంటోంది. చిట్టి ఒక చేతిని తీసి తన ఎడమ బుగ్గకి ఆనించుకుంది.

"వద్దే, వెల్లుల్లి వాసనే ఇంకా."

"ఉండనీ. ఏమీ రాయకుండా ఊరికే ఉంచమ్మా."

తల్లి భోరుమంది. మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ ఆయన వైపు చిట్టి తలెత్తింది.

"సోమవారం నువ్వూ రా నాన్నా, గేటు దాకా."

ఆయన తలూపి జేబులోంచి ఫోను తీశాడు. "ఒక ఫొటో తియ్యనా?" అని భయపడుతూనే అడిగాడు.

"తియ్యి. ఇక్కడ కేకు కూడా లేదుగా."

ఆయన నవ్వాడు. ఫోను ఎత్తి నొక్కాడు గానీ, కళ్లలో నీళ్లకి ఫొటో ఎలా వచ్చిందో ఆయనకి కనిపించలేదు.