ఐసు గోదాము ముందు వెనకడుగులు

ఏటి ఒడ్డున ఆ పాత ఐసు గోదాముకి మంచి పేరు లేదు.

ఎప్పుడో పడవల మీద మంచుగడ్డలు తెచ్చి, రంపపు పొట్టులో కప్పి దాచిన ఇల్లట అది. ఇప్పుడు తలుపుకి తాళం, తాళానికి తుప్పు. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. పోయి వచ్చినవాళ్ళంతా ఒకటే చెబుతారు — అక్కడ ఎవరో తనలో తాను గొణుక్కుంటూ తిరుగుతారని. మనిషి అటు పోతుంటాడట... మొహం మాత్రం ఇటే ఉంటుందట.

రొట్టెలు కాల్చే ఆయన కళ్ళారా చూశాడు. "మడమలు ముందొచ్చాయి. వేళ్ళు తర్వాతొచ్చాయి. ఇంకేం చూడమంటారు నన్ను?" అన్నాడు. సైకిలు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు. మర్నాడు దాన్ని తెచ్చుకోవడానికి నలుగుర్ని వెంటేసుకుని వెళ్ళాడు.

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని తెలియనిదెవరికి?

అలాంటి చోటికి, దీపాలు పెట్టిన కాసేపటికి, ఒక ఆడపిల్ల ఒంటరిగా బయల్దేరింది. అంటే దెయ్యం కన్నా పెద్ద భయం ఇంకేదో ఉండి ఉండాలి కదా. ఉంది. తెల్లారితే పరీక్ష.

ఆ పిల్ల చదివేది గైడు చదువు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని ఏటి ఒడ్డంతా తిప్పి, ఇది ఫలానా కోట గోడ, ఇది ఫలానా రేవు అని చెప్పాలి. అందులో కష్టమేముంది అనుకుంటాం. కష్టమంతా నడకలో ఉంది. చెప్పేవాళ్ళు వినేవాళ్ళకి వీపు చూపించకూడదట. అంచేత మొహం జనం వైపు పెట్టి, నోటితో కథ చెబుతూ, కాళ్ళతో వెనక్కి నడవాలి. గడియార స్తంభం దగ్గర మొదలుపెడితే వంతెన దాకా అదే నడక. మధ్యలో ఒక్కసారి మెడ తిప్పి వెనక్కి చూసినా పరీక్ష పోయినట్టే.

మనుషులు ఏమేం నేర్చుకుంటారో, వింతగానే ఉంటుంది.

కిందటిసారి ఆ పిల్ల మూడో దీపస్తంభం దాకా చక్కగా నడిచింది. రాజుగారు సింహాసనం ఎక్కిన సంగతి చెబుతూ చెబుతూ వెళ్ళి పూలకుండీలో కూర్చుంది. మిగతా కథ అక్కడ కూర్చునే చెప్పింది. పరీక్ష పెట్టిన మాస్టారు నవ్వలేదు. పుస్తకంలో ఏదో గీసి, "ఇంకొక్కసారి. ఆ తర్వాత లేదు," అన్నారు.

ఇంట్లో అక్కది ఇస్త్రీ కొట్టు. చదివించేది ఆవిడే.

"రేపు కూడా కూర్చున్నావనుకో," అంది అక్క, చొక్కా కాలరు మీద పెట్టె జరుపుతూ, "ఎల్లుండి నుంచి ఇక్కడ నిలబడుదువుగాని. ఇక్కడ వెనక్కి నడిచే బాధ లేదు. నడవడానికి చోటే లేదు."

"అలా అనకే అక్కా."

"మరెలా అనను? అందరి పిల్లలూ చదువుకుని ముందుకి పోతున్నారు. నువ్వు రెండేళ్ళ నుంచి వెనక్కి పోతున్నావు."

పగలు సాధన చేద్దామంటే ఒడ్డంతా జనం. ఒకర్ని గుద్దితే పదిమంది నవ్వుతారు. ఖాళీగా ఉండేది ఐసు గోదాము ముందు ఒక్కటే. పైగా దారి మొత్తానికి కష్టమైన చోటూ అదే — మలుపు, మలుపు దాటగానే ఐదు మెట్లు.

అందుకని పిల్ల గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది.

ఏటి మీంచి చల్లగాలి. దీపం ఒకటి వెలుగుతోంది, ఒకటి ఆరిపోతోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఎవరూ లేని చోటు వైపు చెయ్యి చాచి, "అయ్యా, అమ్మా, మీ ఎడమ పక్కన చూడండి..." అని మొదలుపెట్టింది. మడమతో రాయిని తడమడం... ఉందనుకున్నాక బరువు వెయ్యడం... మళ్ళీ తడమడం...

అప్పుడు వినిపించింది.

వెనక నుంచి. అడుగుల చప్పుడు. చెప్పులు ఈడుస్తూ... ఆగుతూ... మళ్ళీ ఈడుస్తూ... దాంతోపాటే గొణుగుడు.

పిల్లకి వీపు మీద నీళ్ళు పోసినట్టయింది. తిరిగి చూద్దామా అనుకుంది. ఇప్పుడు చూస్తే మెడకి అలవాటైపోతుంది, రేపు పరీక్షలో కూడా దానంతటదే తిరిగిపోతుంది అనుకుంది. చూడలేదు. ఇంకో అడుగు వెనక్కి వేసింది.

చప్పుడు దగ్గరైంది...

ఇంకో అడుగు —

ఆమె వీపుకి ఇంకో వీపు తగిలింది.

ఇద్దరూ కదల్లేదు. ఏరు కూడా ఆగినట్టనిపించింది. ఆ వీపు వెచ్చగా ఉంది. చెమట కూడా పట్టి ఉంది.

"ఎవరు?" అంది పిల్ల గుసగుసగా.

"ముందు నువ్వు చెప్పు," అంది ఆ వీపు, అదీ గుసగుసగానే.

"మీరే చెప్పండి. మీరు పెద్దవారిలా ఉన్నారు."

"వెనక్కి తిరక్కుండా వయసెలా తెలిసింది?"

"తిరిగితే ఫెయిలండీ."

ఆ వీపు ఒక్కసారి నిటారుగా అయింది.

"నువ్వు... పూలకుండీ పిల్లవి కదూ?"

మాస్టారు.

ఇద్దరూ తిరిగి మొహాలు చూసుకుని రాతి బల్ల మీద కూలబడ్డారు. నేర్పేవాళ్ళకి కూడా ఏడాదికోసారి నడక పరీక్ష ఉంటుందట. ఆయనకి మోకాళ్ళు మొండికేస్తున్నాయి. పిల్లల ముందు పడితే పరువేం కావాలి? అందుకని చీకటి పడ్డాక ఇక్కడికొచ్చి నడుస్తున్నారు.

"అయితే రొట్టెలాయన చూసింది..."

"నన్నే. ఆయన పారేసిన సైకిలు మీద పడ్డాను కూడా," అన్నారు మాస్టారు, మోచెయ్యి తడుముకుంటూ. "సరే, ఎలాగూ వచ్చావు. నడిచి చూపించు. ఇదే పరీక్ష. బాగా నడిస్తే రేపు పదిమంది ముందు నిలబెట్టను."

పిల్ల లేచింది. పడవలు వచ్చిన సంగతి చెబుతూ మలుపు తిరిగింది. మంచుగడ్డలు దించిన సంగతి చెబుతూ మెట్లు దిగింది — ఒకటి, రెండు, మూడు, నాలుగు... మడమ అయిదోది కూడా తడిమి పట్టుకుంది. పడలేదు. మెడ తిప్పలేదు. ఆఖర్న చేతులు జోడించి, నేర్పినట్టే, "ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగండి," అంది.

"అమ్మాయ్..." అని ఒక గొంతు. మెత్తగా, మర్యాదగా. "మరుగుదొడ్డి ఎక్కడమ్మా?"

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది అదే. అందుకని పిల్ల తడుముకోలేదు.

"వంతెన దాటాక కుడి పక్కనండీ. కాకపోతే ఈ వేళకి మూసేస్తారు."

"అయ్యో..." అంది గొంతు.

"గొంతు మార్చి బాగా అడిగారు మాస్టారూ," అంది పిల్ల నవ్వుతూ.

మాస్టారు నవ్వలేదు. ఆయన బల్ల ఎక్కి నిలబడి ఉన్నారు. వేలు గోదాము వైపు చూపిస్తోంది — తాళం వేసిన తలుపు వైపు.

"నేను... నువ్వే అడిగి నువ్వే చెప్పుకుంటున్నావనుకున్నాను," అన్నారు.

తలుపు లోపల ఎవరో బరువుగా నిట్టూర్చారు.

ఆ తర్వాత ఇద్దరూ ముందుకే నడిచారు. నడిచారనడం కూడా బాగోదు. మోకాళ్ళ సంగతి ఆ పూట మాస్టారికి గుర్తే రాలేదు.

తెల్లారాక ఆయనే ఇస్త్రీ కొట్టుకి వచ్చి కాగితం ఇచ్చారు. అక్క పెట్టె పక్కన పెట్టి, కూడబలుక్కుని చదివింది. "నడకలో పాసు. ప్రత్యేకంగా చెప్పవలసింది: ఎవరడిగినా విసుక్కోకుండా జవాబు చెబుతుంది."

"ఎవరడిగారేంటి?" అంది అక్క.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరో... ఊరికి కొత్త," అన్నారు మాస్టారు.

"కొత్త కాదులెండి," అంది పిల్ల నెమ్మదిగా. "చాలా ఏళ్ళ నుంచి ఆపుకున్నట్టున్నారు, పాపం."