రాతిపురంలో మాయమైన మణి

అది 1975 మే నెల. తిరువూరు బస్టాండుకు ఎదురుగా ఉన్న మేడగదిలో ప్రైవేట్ డిటెక్టివ్ షంషేర్ కిటికీలు మూసుకుని టీ తాగుతున్నాడు. అసిస్టెంటు ప్రేమకుమారి టైపు మిషను పక్కకు నెట్టి విసనకర్రతో విసురుకుంటోంది. టీచరు ఉద్యోగం వచ్చినా వదులుకుని షంషేర్ దగ్గర చేరిన మనిషామె. ఆయన ఒక్కో చిక్కుముడీ విప్పుతుంటే చూడటం కంటే గొప్ప పని లోకంలో ఉంటుందని ఆమె అనుకోదు.

తలుపు అడుగున ఎవరో తట్టారు. ప్రేమకుమారి తీసి చూస్తే ఎదురుగా ఎవరూ కనపడలేదు. కిందికి చూసి ఉలిక్కిపడింది. ఆమె నడుమెత్తు కూడా లేని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తలమీద గోనెపట్టా, కళ్ళకు నల్లగుడ్డ.

"తలుపేసెయ్యండమ్మా! ఈ ఎండ నా కళ్ళకి పడదు," అందామె.

లోపలికొచ్చి మంచినీళ్ళు తాగాక తన సంగతి చెప్పింది. పేరు గులకమ్మ. ఎ.కొండూరు దారిలో మామిడితోటల వెనక పాత రాతిక్వారీ ఉంది. దాని కింద మరుగుజ్జుల రాజ్యం, రాతిపురం ఉంది. కాయల బండిలో గంపల మధ్య దాక్కుని అక్కణ్ణించే వచ్చింది.

ప్రేమకుమారి నమ్మలేనట్టు చూసింది. షంషేర్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏం పోయిందమ్మా?"

"మా వెలుగుమణి బాబూ. కొబ్బరికాయంత ఉంటది. మాకు సూర్యుడైనా దీపమైనా అదే. ఎప్పుడు ముట్టుకున్నా కోడి పొదిగిన గుడ్డులా వెచ్చగా ఉంటది. మందపాటి తోలుముసుగు వేస్తే తప్ప దాని వెలుతురు ఆగదు. మా తమ్ముడు చెకుముకి దానికి కావలి. రాత్రికి ముసుగేసి, తెల్లారగానే తీస్తాడు. నిన్న అందరి ముందూ తీస్తే దాని చోట మట్టికుండ ఉంది!"

"నేరం తమ్ముడి మీద పడిందా?"

"వాడు నెలకోసారి పైకొచ్చి మా పిల్లలకి జ్వరం మందులు కొనుక్కొస్తాడు. మణిని పైవాళ్ళకి అమ్మేశాడంటున్నాడు మంత్రి శిలాపతి. ఇవాళ పొద్దుగూకేలోగా వాణ్ణి చీకటి సొరంగాల్లోకి తోలేసి, పైదారి రాళ్ళతో మూసేస్తారట. ఇక మా పిల్లల గతేంటి బాబూ?"

షంషేర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "కారు మాట్లాడమ్మా ప్రేమకుమారీ."

క్వారీ గోడలోని చీలిక గుండా వాళ్ళు పాక్కుంటూ దిగారు. దిగేకొద్దీ ఎండ వేడి పోయి చలి పుట్టింది. చివరికి నిటారుగా నిలబడే చోటు దొరికింది. అది రాజసభ. మణి ఉండేదీ అక్కడే. ఆముదం దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. కంబళ్ళు కప్పుకున్న మరుగుజ్జులు పొడుగు మనుషుల్ని చూసి గోడలకు అతుక్కుపోయారు. గద్దె మీద వయసు మళ్ళిన స్ఫటికరాణి ఉంది. గద్దె పక్కన ధాన్యం తూచే పెద్ద కాటా, దాని కింద వరసగా నల్లని తూకపురాళ్ళు. చివరి రాయి మీద తెల్లపిల్లి ఒకటి ముడుచుకు పడుకుని నిద్రపోతోంది.

"పైవాళ్ళకి ఇక్కడేం పని?" అని గద్దించాడు శిలాపతి. అక్కడి మగవాళ్ళందరికీ గడ్డాలు మోకాళ్ళదాకా ఉన్నాయి. ఆయనది మాత్రం మెడ దగ్గరికి కోసేసి ఉంది.

"మా ఇంట్లో దీపం పోయింది మంత్రీ. వెతికిపెట్టే వాళ్ళు ఎవరైతేనేం?" అంది రాణి. "అడుగు బాబూ."

షంషేర్ ముందు ద్వారం కాపలావాణ్ణి పిలిచాడు. "మొన్న రాత్రి ముసుగు వేశాక లోపలికి ఎవరెవరు వెళ్ళారు?"

"చెకుముకి ముసుగేసి వెళ్ళిపోయాడండి. తరవాత మంత్రిగారు ధాన్యం లెక్క చూసుకోవాలని వచ్చారు. అంతే."

"ఇద్దరూ బయటికెళ్ళేటప్పుడు ఏమైనా పట్టుకెళ్ళారా?"

"ఇద్దరూ ఒట్టి చేతుల్తోనే వెళ్ళారండి. నేను కంబళ్ళు దులిపి మరీ చూశాను."

"కాపలావాడూ చెకుముకీ స్నేహితులు. వాడి మాట నమ్ముతారా?" అన్నాడు శిలాపతి.

సంకెళ్ళతో నిలబడ్డ చెకుముకి తలెత్తాడు. కుర్రవాడి కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.

"పోయినసారి పైనుంచి మందులు కాక ఇంకేం తెచ్చావు?" అని అడిగాడు షంషేర్.

"డబ్బాడు తారండి. రోడ్డు వేసేవాళ్ళనడిగితే ఇచ్చారు. మా గాదె గోడ చెమ్మ కారతా ఉంటే పూద్దామని. పైనుంచి ఏం తెచ్చినా మంత్రిగారికి అప్పజెప్పాలి. ఇచ్చేశాను."

"దాన్ని లోయలో పారేయించాను. పైవాళ్ళ సరుకు మనకెందుకు?" అన్నాడు మంత్రి.

"మరి మీ గడ్డం ఏమైందండీ?"

"మణి పోయిన దుఃఖంతో కోసుకున్నాను."

ఈలోగా ప్రేమకుమారి చలికి చేతులు రుద్దుకుంటూ పిల్లి దగ్గరికి వెళ్ళి ఎత్తుకుంది. దాని పొట్ట నల్లగా ఉంది. దీపాల మసి కాబోలని తుడవబోతే వేళ్ళకు జిగురుగా అంటుకుంది. ఆమె గబగబా వచ్చి షంషేర్‌కు వేళ్ళు చూపించింది. ఆయన ఒకసారి వాసన చూశాడు. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ముడి విడిపోయిందన్నమాట.

"రాణీగారూ, అందర్నీ దగ్గరికి రమ్మనండి," అన్నాడు షంషేర్.

జనం గుండ్రంగా మూగారు.

"మణి ఈ సభ దాటి బయటికి పోలేదు. కాపలావాడు నిజమే చెప్పాడు. రెండ్రోజులుగా మీరంతా వెలుగు కోసం వెతికారు. దొంగ చేసిందల్లా ఆ వెలుగు కప్పెయ్యడమే. మసి అయితే తుడిస్తే రాలిపోతుంది. ఈ పిల్లి పొట్టకంటింది తారు. ఇంత చలిలో పిల్లి కంబళ్ళు వదిలేసి రాతిమీద ఎందుకు పడుకుంటుంది? ఆ రాయి వెచ్చగా ఉంది గనక. ఆ వెచ్చదనానికే తారు ఆరకుండా ఉంది."

జనంలో కలకలం రేగింది.

"తారుడబ్బా ఉన్నది మంత్రిగారి దగ్గర. ముసుగు వేశాక లోపలికొచ్చిందీ ఆయనే. కుండలో తారు తెచ్చి, ఒక తూకపురాయిని ఏ మూలకో నెట్టేసి, మణికి తారు పూసి ఆ రాయి చోట పెట్టారు. ఒట్టి కుండను ముసుగు కింద వదిలి ఖాళీ చేతుల్తో వెళ్ళారు. వంగి పూస్తుంటే గడ్డానికి తారంటుకుంది. కడిగితే పోదు. అందుకే కోసుకున్నారు. దుఃఖం అందరికీ ఉంది, మరి ఇంకెవరూ గడ్డం తియ్యలేదే!"

షంషేర్ జేబులోంచి చాకు తీసి ఆ చివరి రాయిని గీకాడు. సన్నని గీతలోంచి తేనెరంగు వెలుగు చిమ్మి పైకప్పును తాకింది. గులకమ్మ కేక పెట్టి తమ్ముణ్ణి కావలించుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

శిలాపతి రాణి కాళ్ళ మీద పడ్డాడు. "మణిని దొంగిలించాలని కాదు తల్లీ! పైకెళ్ళిన నా కొడుకు మళ్ళీ రాలేదు. సర్కసువాళ్ళు పట్టుకుపోయారు. ఇంకే బిడ్డా పోకూడదని, ఆ దారి మూయించాలని చేశాను."

షంషేర్ గొంతు మెత్తబడింది. "మీ భయం అబద్ధం కాదు మంత్రిగారూ. కానీ దానికి ఈ కుర్రాణ్ణి బలిపెట్టబోయారు. అది తప్పు. దారి మూసేస్తే మీవాడు తిరిగొచ్చినా ఎలా వస్తాడు? ఆ సర్కసు ఎక్కడుందో నేను వెతుకుతాను."

"దారి మూయం," అంది రాణి. "శిలాపతీ, నీ పదవి పోయింది. రేపట్నుంచి పైద్వారం దగ్గర నువ్వే కావలి. వెళ్ళే ప్రతి బిడ్డనీ క్షేమంగా తిరిగి తీసుకురావడం నీ పూచీ." తరవాత గద్దె దిగి వచ్చి చెకుముకి సంకెళ్ళు తన చేతులతోనే విప్పింది. "ఇన్నేళ్ళుగా ఆ దారి గురించి తగవులాడాం గానీ నేనెప్పుడూ పైకి చూడలేదు. పదండి."

వాళ్ళు క్వారీ అంచుకు చేరేసరికి సాయంత్రమైంది. పడమట మబ్బు కమ్మి ఎండ లేకుండా పోయింది. రాణి కళ్ళకు కట్టుకున్న నల్లగుడ్డను కొంచెం పైకి జరుపుకుంది. మామిడాకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. వానంటే ఏమిటో ఎరగని ఆమె అరచెయ్యి చాచింది.

"పైకప్పు కారుతోందా?" అని గాభరాగా అడిగింది.

"పైకప్పు లేదు రాణీగారూ," అంది ప్రేమకుమారి.

ముసలిరాణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా, తడుస్తూ అలాగే నిలబడిపోయింది.