క్రిస్టినా అడిగిన ఆట

ఆ శనివారం పొద్దున్నే దైవాధీనం నాగాయలంక చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో నెట్టు కట్టి, సున్నంతో గీతలు గీసి ఇంటికొచ్చాడు. అట్లు పోస్తున్న రమణమ్మ మొగుడి అవతారం చూసి అట్లకాడ పక్కన పెట్టేసింది.

"పిల్లకొచ్చింది రక్తంలో జబ్బండీ, జలుబు కాదు. ఇప్పుడీ ఆటలేంటి?"

"డాక్టరుగారు కాసేపు ఆడొచ్చన్నారుగా. అడక్క అడక్క అదొక్కటే అడిగింది."

పదిహేనేళ్ల క్రిస్టినా అడిగింది కొత్త ఫోను కాదు. గుడివాడ సుష్మితతో ఒక్క టెన్నికాయిట్ ఆట. నిరుడు మచిలీపట్నంలో జిల్లా ఫైనల్లో ఆ పిల్ల చేతిలో ఓడిపోయి, ఇల్లు చేరేదాకా బస్సులో మూతి ముడుచుకునే కూర్చుంది. ఆ తర్వాతే జబ్బు బయటపడింది. విజయవాడ ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ రబ్బరు రింగు ముట్టుకుని నెలలైపోయింది. ఇప్పుడు మందులకి కాస్త విరామం దొరికింది.

హైస్కూల్లో ఆటల మాస్టారైన దైవాధీనం స్వయంగా గుడివాడ వెళ్లి సుష్మితను ఒప్పించాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, ఇంకో మాట కూడా చెప్పి వచ్చాడు.

ఆటకి ఊళ్లో సగం మంది కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. అంపైరు దైవాధీనమే. టోపీ పెట్టుకున్న క్రిస్టినా రింగు విసిరినప్పుడల్లా ఒకటే ఈలలు. సుష్మిత చేతుల్లోంచి రింగులు జారిపోతూనే ఉన్నాయి. పాస్టరుగారైతే చప్పట్లు కొట్టి కొట్టి చేతులు ఎర్రజేసుకున్నారు.

ఉన్నట్టుండి క్రిస్టినా రింగుని నేలకేసి కొట్టింది.

"డాడీ, తనకేం చెప్పావ్?"

"నేనేం చెప్పానమ్మా..."

"ఎగిరి ఒంటిచేత్తో పట్టే మనిషి, చేతిలో పడ్డదాన్ని వదిలేస్తోంది. ఏం చెప్పావ్?"

సుష్మిత తల దించుకుంది. "సారీ క్రిస్టినా. సారే ఓడిపొమ్మన్నారు."

దైవాధీనం ముఖం పాలిపోయింది. "నువ్వు గెలిస్తే చూడాలనిపించింది తల్లీ."

"అష్టాచెమ్మాలో నువ్వు కావాలని ఓడిపోతావ్. అమ్మ నన్ను తిట్టడమే మానేసింది. అన్నిటికీ వాదించే పక్కింటి సూరయ్య తాత కూడా ఇప్పుడు నేనేమన్నా ఊఁ అంటాడు. నేనింకా ఉన్నాను డాడీ! ఒక్కళ్లన్నా నా మీద గెలవండి!"

రమణమ్మ లేచి వస్తుంటే, పిల్లని ఇంటికి తీసుకెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు.

"ఏమే, రింగుని అలా విసిరికొడతారా? తియ్ ముందు! పెద్దాళ్ల ముందు ఆ అరుపులేంటి?" అని కూతురి మీద గయ్యిమంది. చేతికి గ్లూకోజు నీళ్లిచ్చి సుష్మిత వైపు తిరిగింది. "నువ్వు సరిగ్గా ఆడమ్మాయ్. జాలి చూపించావో, నీకు మధ్యాహ్నం చేపల పులుసు లేదు."

ఎన్నాళ్లకో తిట్లు తిన్న క్రిస్టినా ముఖం వెలిగిపోయింది.

అప్పుడు మొదలైంది అసలు ఆట. సుష్మిత రింగుని మూలమూలలకీ విసిరింది. క్రిస్టినా నాలుగడుగులకే అలిసిపోతోంది, కుర్చీలో కూలబడుతోంది, మళ్లీ లేస్తోంది. సొంతంగా ఒక పాయింటు సంపాదించినప్పుడు వేసిన కేకకి చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

సుష్మిత విసిరిన ఆఖరి రింగు క్రిస్టినా వెనక గీత దగ్గర పడింది. అందరూ దైవాధీనం వైపు చూశారు. అవుటంటే కాదనే వాళ్లెవరూ లేరు. కానీ సున్నం చెదిరింది, అతను చూశాడు. మోకాళ్ల మీద చేతులానించి రొప్పుతున్న కూతురూ అతన్నే చూస్తోంది.

"గీత మీదే పడింది. పాయింటు సుష్మితది. ఆట అయిపోయింది."

"అవుటది! కళ్లు కనపడట్లేదా డాడీ?" క్రిస్టినా గీత దగ్గర గొంతుక్కూర్చుని పోట్లాటకి దిగింది. సుష్మితా తగ్గలేదు. వాళ్లని చూసి రమణమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"సరేలే. వచ్చే ఏడు బందరు ఫైనల్లో చూసుకుందాం" అంది క్రిస్టినా, చేతులు దులుపుకుంటూ.

రమణమ్మ నవ్వు ఆగిపోయింది. వచ్చే ఏడన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పలక్క చాలాకాలమైంది. దైవాధీనం ఇక ఆపుకోలేక, అందరి ముందే వెక్కివెక్కి ఏడ్చేశాడు.

"వస్తావుగా మరి?" అంది సుష్మిత.

"రాకేం! అంపైరుగా మాత్రం మా డాడీ వద్దు."