దుంగకి అవతలి దెబ్బ

మా దీవుల రాజధాని నుకుఅలోఫాలో నారకళల పండుగంటే పగలంతా గోల. చాపలల్లేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు, ఏ పనీ చెయ్యకుండా ఊరి కబుర్లు తిరగేసేవాళ్లు. మా వంతు, బెరడుని దంచి బట్ట చేసి చూపించడం. ఏటా నేనూ మా చెల్లి లూపే దుంగకి చెరో పక్కన కూర్చుని చెక్క సుత్తులతో దంచేవాళ్లం. ఈసారి నేనొక్కదాన్నే వచ్చాను. లూపే పోయిన నెల పురిటి నొప్పుల్లో చనిపోయింది. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. ఇద్దరినీ ఒకే గోతిలో పెట్టాం.

మా ఆచారం ప్రకారం నా నడుముకి చుట్టుకున్న శోకపు చాప పట్టుకుని మా సేయిని అత్త లాగింది.

"ఒసేయ్ వీకా, బుద్ధుందా? ఈ చాప కట్టుకుని సుత్తి పట్టుకుంటారా ఎవరైనా? ఇంట్లో చావైతే దుంగ మోగకూడదు. చప్పుడు విని, పనికి పిలుస్తున్నారనుకుని లూపే వచ్చేస్తుంది."

"రానీ అత్తా. అందుకేగా నేనొచ్చింది."

అత్త చాప వదిలేసి నా పక్కనే కూలబడింది.

వాన పట్టింది. రేకుల షెడ్డులో వెలుగు తగ్గింది. తడి బెరడు పచ్చి వాసన వేస్తోంది. దంచడం మొదలుపెట్టాను. నాదొక దెబ్బ, తర్వాత లూపే దెబ్బ పడాల్సిన చోట ఖాళీ. మళ్లీ నా దెబ్బ. మళ్లీ ఖాళీ. అది వినలేక ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఆ ఖాళీలో... టక్.

చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. షెడ్డు మారుమోగుతోందనుకున్నారు. లూపే ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే కొట్టేది, నన్ను ఉడికించడానికి. ఇప్పుడూ అంతే ఆలస్యం. ఎదురుగా ఎవరూ లేరు. అయినా అటువైపు బెరడు వెడల్పవుతోంది. నాకు భయం వెయ్యలేదు. చెల్లి పోయాక అప్పుడే ఊపిరాడింది.

"ఆపవే," అత్త నా చెవిలో గొణిగింది.

"ఆపితే వెళ్లిపోతుంది అత్తా."

"అది కాదే... సరిగ్గా విను."

విన్నాను. నా దెబ్బ. లూపే దెబ్బ. ఆ తర్వాత ఇంకోటి... చిన్నది. తడబడుతూ. ఒకసారి దుంగ మీద పడక నేల మీద పడింది. లూపే ఆగింది. దానికోసమే ఆగింది. చిన్నప్పుడు మాకు నేర్పుతూ అమ్మ అలాగే ఆగేది.

నా గుండె చెరువైపోయింది. చిన్నదానికి అందేలా మెల్లగా కొట్టాను. టక్... టుక్. టక్... టుక్. ఆ చిన్న చప్పుడు దుంగ వెంబడి నావైపు జరుగుతూ వచ్చింది. లూపే దెబ్బ మళ్లీ పడలేదు.

"లూపే? ఏమే, ఉన్నావా?"

నా మోకాలి పక్కన... టుక్. తర్వాత అదీ ఆగిపోయింది.

ఒళ్లో చాప కిందికి కుంగింది. తడి బరువు... చల్లగా. అది పాల కోసం నా గుండెల మీద తడుముకుంటోంది.

"ఎత్తుకోకు," అత్త నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "వీకా... ఎత్తుకోకే."

అప్పటికే సుత్తి వదిలేసి రెండు చేతులూ దాని చుట్టూ వేశాను. చిన్న చిన్న వేళ్లు నా బొటనవేలిని పట్టుకున్నాయి.

ఇంకా వదల్లేదు.