బోర్డు పెట్టని గది

పొద్దున్నే ఆ ఇంట్లో మూడు యుద్ధాలు జరుగుతున్నాయి. వంటింట్లో తల్లికీ బిగుసుకుపోయిన మిక్సీ మూతకీ ఒకటి. వరండాలో తండ్రికీ ఎండిపోయిన రంగు డబ్బాకీ ఒకటి. మేడమీద గదిలో పిడుగుకీ ఫోనుకీ ఒకటి. పిడుగంటే ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు. అసలు పేరొకటి ఉంది కానీ, అది కాలేజీ రిజిస్టర్లో తప్ప ఎవరూ వాడరు.

పైచదువుకి వేరే నగరంలో సీటొచ్చింది. నాలుగు రోజుల్లో క్లాసులు. ఉండటానికి మాత్రం జానెడు చోటు దొరకలేదు. ఇదివరకైతే కాలేజీ వీధుల్లో తిరిగి, గేటుకి వేలాడే బోర్డు చూసి, ఇంటావిడ అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి గది సంపాదించేవారు. ఇప్పుడంతా అద్దె గదుల యాప్‌లోనే. గది ఇలా కనిపిస్తుంది, అలా మాయమైపోతుంది. మూడు రోజుల్లో పదకొండు గదులు పిడుగు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి.

పన్నెండోది చిక్కింది. కాలేజీకి ఎదురుగా, ఒక్కరికే గది, సొంత తాళం. ‘మీ కోసం ఇరవై నిమిషాలు ఆపి ఉంచాం’ అంటూ తెరమీద అంకెలు తగ్గడం మొదలెట్టాయి.

“నాన్నా, దొరికింది” అని కిందికో కేక వేసి, ఇంకోసారి చూసుకుందామని వెనక్కి నొక్కింది. వెనక్కి నొక్కితే ఆ యాప్‌కొక జబ్బు. మనమున్న చోటికి దగ్గర్లో ఉన్న గదులు చూపిస్తుంది.

మొదటి ఫొటోలో మంచం. దానిమీద నీలం చారల దుప్పటి. పిడుగు ఫొటో చూసింది, తను కూర్చున్న దుప్పటి చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. గోడమీద అయిదో తరగతిలో తను గీసిన మూడుకాళ్ళ ఏనుగు. కింద పెద్దక్షరాల్లో, ‘వచ్చే సోమవారం నుంచి ఖాళీ’.

తనింకా పెట్టె కూడా సర్దలేదు.

మెట్లు రెండేసి చొప్పున దిగి వంటింట్లోకి వచ్చిపడింది.

“అమ్మా, నేను గడప దాటేదాకా కూడా ఆగలేకపోయావా?”

తల్లి మిక్సీ వదిలేసింది. “ఏమైందే?”

“నా గది అద్దెకి పెట్టేశావు. ఫొటో తీసేటప్పుడు చెబితే మంచం మీంచి నేనే జరిగేదాన్నిగా.”

తండ్రి చేతిలో బ్రష్‌తోనే లోపలికొచ్చాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఆ ఊరి కాలేజీ వీధుల్లో ఒకప్పుడు వేలాడిన టు-లెట్ బోర్డుల్లో సగం ఆయన చేతివే. యాప్ వచ్చాక గేట్లన్నీ బోసిపోయాయి. ఇప్పుడు షాపు షట్టర్లకి నంబర్లు వేసుకుంటున్నాడు.

“అద్దెకా? మనింట్లోనా? బోర్డు లేకుండానా?” అన్నాడు. “ఊరందరికీ రాసిచ్చినవాణ్ణి, సొంతింటికి పనికిరాకపోయానా? చివరికి నువ్వు కూడా ఆ పార్టీలో చేరిపోయావన్నమాట.”

“మీరు కాసేపు ఊరుకోండి. ఆ బ్రష్ నా గోడకి తగిలిందంటే మిమ్మల్నీ ఆ యాప్‌లో పెడతాను.”

“పెట్టు. పాత సరుకు, రంగు వెలిసింది, ఫ్యాను మాత్రం బానే తిరుగుతుంది అని రాయి.”

ఇంకోరోజైతే పిడుగు పడీపడీ నవ్వేది.

“జోకులొద్దు నాన్నా. సెలవులకొస్తే నేనెక్కడ పడుకోవాలి? నీ డబ్బాల పక్కనా? పుట్టినప్పట్నుంచీ అదే నా గది.” తెరమీద తొమ్మిది నిమిషాలు. “సరే. నేనూ నా గది తీసేసుకుంటాను. సొంత తాళం. ఎవర్నీ అడగక్కర్లేదు.”

వేలు బటన్ మీదికెళ్ళింది.

“ఫొటో కింద రాసింది చదివావా?” అంది తల్లి నెమ్మదిగా.

“ఫొటో చాలదా?”

“వారం రోజులు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టానే. చదివి తిట్టు.”

తండ్రి ఫోను లాక్కుని, వీధి బోర్డు చదివినట్టు పెద్దగా చదివాడు.

“ఈ గది అద్దెకి కాదు, మార్పిడికి. మా అమ్మాయి మీ ఊళ్ళో చదవబోతోంది. మీ అమ్మాయి మా ఊళ్ళో చదువుతుంటే తను మా ఇంట్లో, మాది మీ ఇంట్లో. సెలవులకి ఎవరి గది వాళ్ళది. గోడమీద ఏనుగుని చెరపకూడదు. కిటికీ రెండో రెక్క కాస్త పైకెత్తి లాగాలి. మా అమ్మాయికి చదువుకునేటప్పుడు ఆకలేస్తుంది, అడగదు. ప్లేటు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోండి. జ్వరమొస్తే బానే ఉన్నానంటుంది...”

ఆయన ఆగిపోయాడు. చివరి మాట పిడుగే ఫోను తీసుకుని చదువుకుంది. ‘నమ్మకండి.’

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఒంటరిగా ఉంటాను, సొంత తాళం కావాలి అని నెల్నుంచి ఒకటే పాట. మంచివాళ్ళు దొరికితే చెబుదాం, లేకపోతే గప్‌చిప్‌గా తీసేద్దాం అనుకున్నా. ఒకావిడ ముందే అడిగింది, మీ అమ్మాయి గది శుభ్రంగా ఉంచుతుందా అని. మాట్లాడ్డం మానేశాను.”

“అబద్ధం రాయలేక” అన్నాడు తండ్రి, ముక్కు తుడుచుకుంటూ.

అంతలో తల్లి ఫోను టింగుమంది. అవతలి నగరం నుంచి, తల్లి ముందే మాట్లాడి ఉంచిన ఒక నర్సమ్మ. ‘మా అమ్మాయి ఒప్పుకుంది. మాదీ జ్వరమొస్తే చెప్పే రకం కాదు. మా కిటికీలు మంచివే, తలుపొక్కటే మొండిది. మీరు ఊ అంటే ఇప్పుడే ఖాయం చేసుకుందాం.’

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిడుగు ఫోన్లో ఇంకా రెండు నిమిషాలే.

“నీ ఇష్టమే. బలవంతం లేదు” అంది తల్లి. అంటూనే చీరకొంగు మెలిపెట్టేస్తోంది.

పిడుగు తన ఫోను బోర్లా పెట్టేసింది. సొంత తాళం దాని కిందే ఉండిపోయింది.

“ఊ అను. తొందరగా అనమ్మా, గదులు ఇట్టే ఎగిరిపోతాయి.”

తల్లి అక్షరం కోసం వెతుక్కుంటోంది. తండ్రి ‘అక్కడ, అక్కడ’ అంటూ బ్రష్‌తో చూపించాడు. ఫోను అద్దం మీద ఎర్రచుక్క పడింది. ఊ వెళ్ళిపోయింది.

ఊరెళ్ళే రోజు పొద్దున పిడుగు పెట్టె తీసుకుని గదిలోంచి బయటికొస్తే, తలుపుకి ఒక బోర్డు వేలాడుతోంది. పసుపు అంచు, ఎర్రటి అక్షరాలు.

‘గది ఖాళీ లేదు. ఓనరుగారు చదువుకోడానికి వెళ్ళారు. వచ్చేస్తారు.’

నవ్వబోయింది, కుదర్లేదు. రెండు చేతులూ ఆ అక్షరాల మీద ఆనించి అలాగే నిలబడింది. తీసి చూస్తే అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

“నాన్నా, రంగు తడిగానే ఉంది.”

“ముట్టుకోవద్దని కింద రాశాను తల్లీ” అన్నాడాయన మెట్లమీంచి, కళ్ళొత్తుకుంటూ. “కింద రాసింది నువ్వెప్పుడు చదివావు గనక.”