చిన్న పి, లలితమ్మ వడియాలు

రెండు పరీక్షలలో ఏది చిన్న పి విలువ ఇస్తే అదే మెరుగైనదని స్టాటిస్టిక్స్ విద్యార్థులలో ఒక నమ్మకం ఉంది. అసలు విషయమేమీ లేకున్నా, కేవలం యాదృచ్ఛికంగా కనీసం ఇంత బలమైన ఫలితం కనిపించే సంభావ్యతే పి. సూరత్‌లో తెలంగాణ నేతన్నలుండే గోడాదరాలో, కరోనా రెండో ఏడు, ఎమ్మెస్సీ విద్యార్థి ఉమాకాంత్ ఈ నమ్మకం మీద తన జీవితాన్నే నిలిపాడు.

కింద మగ్గాల మోత భరించలేక అతడు పగలంతా మేడ మీద ఎండలోనే కూర్చుని ఫోనులో పాఠాలు వినేవాడు. పక్క మేడ మీద నీరజ, అదే క్లాసు. ఆదివారం సిరిసిల్ల అబ్బాయితో ఆమెకు వీడియో కాల్‌లో పెళ్లిచూపులు. ఆమె మనసులో తానున్నాడో లేడో అంతలోగా తేలాలి.

అడగవచ్చు. అడగడం శాస్త్రీయం కాదనుకొని ఉమాకాంత్ రెండు పరీక్షలు పెట్టాడు. తన జోకులకు మాస్కు పైన ఆమె కళ్లు ముడుచుకుంటున్నాయా? క్లాసు గ్రూపులో ఇతరులకన్నా తనకు త్వరగా జవాబిస్తున్నదా? మొదటిదానికి పి అత్యల్పం; రెండోది అటూ ఇటూ కాకుండా మిగిలింది. కనుక మొదటి పరీక్షే గొప్పదని తేల్చి, ఎవరో దోస్తు లెక్కలంటూ నీరజకే చూపాడు.

"నీ దోస్తుకు జర తెలివి తక్కువున్నట్టుంది," అన్నది నీరజ. "ప్రేమ లేదని పక్కా తెలిసిన కాడ పెట్టి చూడుమను. ఆడ గూడ ఉన్నదంటే, గా చిన్న పి ఏం జేసుకుంటడు?"

ఇంటి యజమానురాలు లలితమ్మకు ఉమాకాంత్ మీద ప్రేమ లేదన్నది నిర్వివాదం. ఆమె ఆరబెట్టిన వడియాలను అతడు రెండుసార్లు తొక్కాడు. మిట్టమధ్యాహ్నం మేడ మీద ఆమెకు అవే జోకులు చెప్పాడు. ప్రతి జోకుకూ కళ్లు ముడుచుకున్నాయి. పి ఇంకా చిన్నదయింది.

"నీడకొచ్చి చెప్పరాదుర," అన్నది లలితమ్మ. "ఎండకు కండ్లు తెరవనొస్తలేదు."

రెండో పరీక్ష కోసం అతడు పెట్టిన మెసేజ్‌లకు మాత్రం ఆమె జవాబే ఇవ్వలేదు.

పొద్దుగూకాక ఇదంతా నీరజకు నివేదించాడు.

"గది సగమే," అన్నది ఆమె. "ఉన్న కాడ పట్టుకుంటదా అని గూడ చూడాలె."

"ప్రేమ ఉన్నదని పక్కా తెలిసిన మనిషిని యాడికెల్లి తేవాలె?"

"ఎదురుంగ నిలవడ్డది గదా. ముందుగాల జోకు చెప్పు."

చెప్పాడు. ఆమె కళ్లు ముడుచుకోలేదు.

"ఇగ మెసేజ్ పెట్టు."

పెట్టాడు. ఫోను జేబులోకి చేరకముందే జవాబు వచ్చింది: "సిరిసిల్లోళ్లకు వద్దని చెప్తున్న. ఆదివారం మీ అవ్వను తోలియ్యి."

మొదటి పరీక్ష లేనిచోట ఉందన్నది, ఉన్నచోట లేదన్నది. రెండోది రెండుచోట్లా సరిగా చెప్పింది. ఆదివారం ఉమాకాంత్ తల్లి కనకవ్వ మాస్కు పెట్టుకొని నీరజ తండ్రి గంగారాం ఇంటికి వెళ్లింది. సంబంధం ఖాయమైంది.